పూతరేకుల శాలువా

గ్రామీణ సమన్వయ శాఖ డైరెక్టరు విశ్వంభరరావు గారికి రాజధానికి బదిలీ అయినప్పుడు ఇంటి సామానుకి ఒక లారీ, సన్మానాల సామానుకి రెండు లారీలు పట్టాయి. ఆయన తనిఖీకి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చేతిలో పెట్టి ఫొటో తీయించుకున్న ఫలితం అది. ఇత్తడి ఏనుగులు, గాజు పెట్టెల్లో ఎడ్లబళ్ళు, గోడ గడియారాలు, ఆయన పేరు చెక్కడం వల్ల ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేకుండా పోయిన చెక్క పలకలు, ఒక బీరువా నిండా శాలువాలు. కొత్త క్వార్టరులో అన్నీ దింపేసరికి మంచం వేసుకునే చోటు మిగల్లేదు.

"ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఈ ఏనుగులైనా ఉండాలి" అంది ఆయన భార్య.

డైరెక్టరు గారు కాసేపు ఆలోచించారు. ఆయన అలా ఆలోచించడమే ఆవిడకి ఎక్కువ కోపం తెప్పించింది.

సరిగ్గా ఆ వారంలోనే ప్రభుత్వం ఆయన్ని ఒక చల్లని కొండ ఊరికి సదస్సుకి పంపింది. "తక్కువ వస్తువులతో ఎక్కువ జీవితం" అన్నది సదస్సు విషయం. వచ్చిన వాళ్ళందరికీ తలా ఒక సంచీ, డైరీ, మంచినీళ్ళ సీసా, ఆ కొండ బొమ్మ ఉన్న జ్ఞాపిక ఇచ్చి పంపారు. డైరెక్టరు గారు కళ్ళు తెరుచుకుని తిరిగొచ్చి, వచ్చిన మర్నాడే ఉత్తర్వు జారీ చేశారు.

"ఈ శాఖలో పదవీ విరమణ పొందు సిబ్బంది తమ జీవితమునకు కావలసిన వస్తువులన్నియు ఇదివరకే సమకూర్చుకొని యుందురు గావున, వారికి మరియొక వస్తువును ఇచ్చుట వారి గృహమును ఆక్రమించుటయే యగునని భావించడమైనది. కావున ఇకమీదట ఇచ్చు కానుక వాడుకతో సంపూర్ణముగా అంతరించునదై యుండవలెను. సదరు కానుకను గ్రహీత స్వయముగా వినియోగించి, ఏమియు మిగలలేదని ధ్రువపత్రము సమర్పించిన పిమ్మటనే వారిని విధుల నుండి విడుదల చేయవలెను."

ఈ చివరి వాక్యం డైరెక్టరు గారిది కాదు. ముసాయిదా ఆడిట్ వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళు చేర్చింది. తినే వస్తువు ఇచ్చినంత మాత్రాన తిన్నారని నమ్మకమేమిటి, తినకుండా దాచుకుంటే అదీ సామానే కదా అన్నది వాళ్ళ సందేహం. సందేహం న్యాయమైనది కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఉత్తర్వు వచ్చాక శాఖ మొత్తం మీద మొట్టమొదట రిటైరయ్యే అదృష్టం గోదావరి ఒడ్డునున్న ఒక జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటు గుత్తుల సత్యవేణి గారికి దక్కింది. జూన్ నెలాఖరుకి ఆవిడ ఉద్యోగం పూర్తవుతుంది. ఆ తరవాత మధ్యాహ్నం పూట భోంచేసి, తలుపేసుకుని, ఫ్యాను కింద నిద్రపోవాలన్నది ఆవిడ కోరిక. ఇంకేమీ లేదు.

ఆవిడ కుర్చీలోకి రావలసినవాడు సీనియర్ అసిస్టెంటు దంగేటి భాస్కరం. ప్రమోషన్ ప్యానెల్లో ఈ ఏడాది అతని పేరొక్కటే ఉంది. ఆ ప్యానెల్ ఆగస్టు నెలాఖరుతో చెల్లిపోతుంది. మళ్ళీ కొత్తది వేసేసరికి అతనే రిటైరైపోతాడు. సత్యవేణి గారంటే అతనికి గౌరవం. ఆవిడ ఎప్పుడు వెళ్తారా అని ఎదురుచూస్తున్నందుకు సిగ్గుపడేటంత గౌరవం.

మే నెలలో జిల్లా అధికారి, అంటే డిప్యూటీ డైరెక్టరు ఏకాంబరం గారు, ఉత్తర్వు ప్రకారం మొదటి పని మొదలెట్టారు. గ్రహీతకి అన్నీ ఉన్నాయా లేదా అన్నది ముందు తేలాలి. భాస్కరాన్ని వెంటబెట్టుకుని సత్యవేణి గారింటికి తనిఖీకి వెళ్ళారు.

ఆవిడ భర్త వెంకటరత్నం గారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. ఏకాంబరం గారు కుర్చీలో కూర్చుని, పెన్ను మూత తీసి అడిగారు.

"ఈ గృహమందు లోపించిన వస్తువు ఏదైనా కలదా?"

"ఎందుకు లేదండి? దోమతెర చిరిగిపోయిందండి. ఎప్పట్నుంచో కొందావంటే ఈవిడ వినదు" అన్నారు వెంకటరత్నం గారు ఉత్సాహంగా.

భాస్కరం కంగారుగా ఆయన చెవి దగ్గర వంగాడు. "అలా అనకండి బాబూ. లోటుందంటే కేసు వేరే కమిటీకి వెళ్ళిపోద్దండి. ఆ కమిటీని ఇంకా వెయ్యలేదండి."

వంటింట్లోంచి సత్యవేణి గారు వచ్చారు. "ఆయనకి మతిమరుపండి. మాకు దోమలే లేవు. దోమతెర దేనికి?"

ఆ మాట అంటుండగానే ఏకాంబరం గారు తన మెడ మీద ఫట్టున కొట్టుకున్నారు. అరచెయ్యి చూసుకుని, తుడుచుకుని, నిజాయితీగల అధికారి కాబట్టి ఇలా రాసుకున్నారు: "దోమలతో సహా సమస్తమూ కలవు."

రెండో పని కానుక ఎంపిక. దీనికి ఆఫీసులో సమావేశం పెట్టారు. ఎవరో మామిడిపళ్ళన్నారు. టెంకె మిగులుతుంది కనుక వీల్లేదన్నారు ఏకాంబరం గారు. తేనె అంటే సీసా మిగులుతుంది, కొబ్బరికాయ అంటే చిప్ప. సబ్బులిద్దామంటే, అరిగి అరిగి చివరికి మిగిలే పలుకు సంగతేమిటని ఆయనే అడిగారు.

"కర్పూరవండి. వెలిగిస్తే బూడిద కూడా మిగలదు" అన్నాడు భాస్కరం.

ఏకాంబరం గారు మెచ్చుకోలుగా తలూపారు గానీ, వెంటనే ఉత్తర్వు తిరగేశారు. "గ్రహీత స్వయముగా వినియోగించవలెను అని ఉన్నది. కర్పూరమును వినియోగించేది దేవుడు. ఆయన సంతకం ఎవరు తెస్తారు?"

చివరికి పూతరేకులు గెలిచాయి. తొక్క లేదు, గింజ లేదు, నోట్లో వేసుకుంటే ఉన్నట్టే ఉండదు. పైగా జిల్లాకి పేరు తెచ్చినవి. అట్టపెట్టె మిగిలిపోతుంది కనుక పెట్టె లేకుండా ఇవ్వాలి. పెట్టె లేకుండా ఎలా ఇవ్వడమంటే, ఎలాగూ శాలువా కప్పాలి కదా, శాలువానే పూతరేకులతో చేయిద్దామన్నారు ఏకాంబరం గారు. సన్మాన పత్రం కూడా రేకు మీదే, కుంకుమపువ్వు నీళ్ళతో రాయించాలి.

భాస్కరం మెల్లిగా లేచాడు. "మేడమ్ గారికి షుగరుందండి."

ఏకాంబరం గారు ఉత్తర్వు మరోసారి తిరగేశారు.

"బెల్లంతో చేయించండి" అన్నారు ఏకాంబరం గారు.

జూన్ ఆఖరి రోజున సభ జరిగింది. ఆత్రేయపురం నుంచి మాణిక్యమ్మ అనే ఆవిడ శాలువాని వెదురు తడక మీద పరిచి, వ్యానులో పక్కనే కూర్చుని గాలి తగలకుండా తెచ్చింది. రేకు మీద రేకు అతికి, నెయ్యి రాసి, బెల్లప్పొడి జల్లి, అంచుకి జీడిపప్పు జరీ వేసింది. ఇంత చేస్తున్నప్పుడు ఆవిడ ఒక్కటే అడిగింది. "దీన్ని కప్పుతారా, తింటారా అండి?" రెండూ అన్నారు.

సభలో ఫ్యాన్లు ఆపేశారు. ఏకాంబరం గారు, భాస్కరం చెరో కొసా పట్టుకుని శాలువాని సత్యవేణి గారి భుజాల మీద ఆనించారు. చప్పట్లు కొట్టవద్దని ముందే చెప్పారు. అయినా వెనక వరసలో ఎవరో అభిమానం ఆపుకోలేక కొట్టారు. శాలువా ఎడమ భుజం దగ్గర పెళ్ళున విరిగి ఒళ్ళో పడింది.

"ఒళ్ళో పడ్డది కూడా మేడమ్ గారి ఖాతాలోకే" అన్నారు ఏకాంబరం గారు.

తరవాత ఆయన సన్మాన పత్రం చదివి ఆవిడ చేతికిచ్చారు. చదివినంత మేరా వినియోగం కావాలి కాబట్టి సత్యవేణి గారు మొదటి పేరా తుంచి నోట్లో వేసుకున్నారు. సభ అంతా ఆవిడ నోటికేసి చూస్తోంది. తన గురించిన పొగడ్తలు తనే నమలవలసి రావడం ఆవిడకి కొత్త. మెల్లిగా తిన్నారు.

"ఎంతవరకు వచ్చారు మేడమ్?"

"'సహనశీలి' దగ్గరున్నానండి."

"అది పూర్తిచేసి మంచినీళ్ళు తాగండి."

'నిజాయితీకి మారుపేరు' దగ్గరికొచ్చేసరికి ఆవిడ చేతులెత్తేశారు. శాలువా అంతా అలాగే ఉంది. ఏకాంబరం గారు గడియారం చూసుకుని, వినియోగం అసంపూర్తి అని ప్రకటించారు. విడుదల ఉత్తర్వు ఆగిపోయింది. మిగిలిన శాలువాని భాస్కరం బాధ్యత మీద బీరువాలో పెట్టి తాళం వేశారు.

జూలై ఒకటో తారీకు నుంచి సత్యవేణి గారి పరిస్థితి విచిత్రమైపోయింది. వయసు నిండింది కాబట్టి ఉద్యోగం లేదు, జీతం లేదు. విడుదల కాలేదు కాబట్టి పెన్షనూ లేదు. ఆవిడ రోజూ క్యారేజీ సర్దుకుని ఆఫీసుకి రావడం, తన కుర్చీలో సంతకాలు లేకుండా కూర్చోవడం, సాయంత్రం బీరువా తీయించుకుని చేతి వెడల్పు శాలువా తినడం, ఏకాంబరం గారు దాన్ని పుస్తకంలో ఎక్కించుకోవడం. ఇదే పని.

డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తెచ్చి, తీపి తినలేనని ఆవిడ పై ఆఫీసుకి రాసుకున్నారు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. "ఉత్తర్వు అన్నీ ఉన్నవారికి వర్తించును. షుగరు వ్యాధి కూడా ఉండుట వలన దరఖాస్తుదారు సదరు నిర్వచనములోనికి మరింత సంపూర్ణముగా వచ్చుచున్నారు. కావున మినహాయింపు సాధ్యపడదు."

"మీ బదులు నేను తినేస్తానండి. ఒక్క పూటలో అవగొట్టేస్తాను" అన్నాడు భాస్కరం.

"స్వయముగా అని ఉంది కదయ్యా."

"ఎవరు చూస్తారండి?"

"ఆయన చూస్తున్నాడు" అన్నారు సత్యవేణి గారు. అద్దాల గదిలోంచి ఏకాంబరం గారు చూస్తూనే ఉన్నారు.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. ఆఫీసు గోడల్లోంచి చీమలు బయల్దేరి, తాళం వేసిన బీరువాలోకి ఏ అనుమతీ లేకుండా వెళ్ళాయి. ఒక సోమవారం తలుపు తీస్తే శాలువాకి కుడి అంచు లేదు. భాస్కరానికి ప్రాణం లేచొచ్చింది. ఈ లెక్కన వారంలో అయిపోతుంది. దసరా బొమ్మకి దణ్ణం పెట్టినట్టు చీమల బారుకి దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నానికి అతని బల్ల మీద మెమో ఉంది.

"మీ అదుపులోనున్న కానుకను చీమలు అనధికారికముగా వినియోగించుచుండగా మీరు నివారించకపోగా, వాటి పట్ల సంతోషము వ్యక్తము చేసినట్లు గమనించడమైనది. చీమలు భుజించిన భాగమును గ్రహీత ఖాతాలో జమ చేయుటకు నిబంధనలు అంగీకరించవు. సదరు భాగమును మీరు సొంతముగా పూడ్చవలెను."

భాస్కరం ఆత్రేయపురం వెళ్ళి మాణిక్యమ్మ కాళ్ళావేళ్ళా పడి అంచు వేయించుకొచ్చాడు. ఆవిడ మంచి మనిషి. ఎంత పోయిందో కొలత తెలీదు కాబట్టి ఎందుకైనా మంచిదని కాస్త ఎక్కువే వేసింది. తాజా నెయ్యి వాసనకి చీమలు ఈసారి బంధువుల్ని కూడా పిలుచుకొచ్చాయి. మళ్ళీ మెమో, మళ్ళీ ఆత్రేయపురం, మళ్ళీ కాస్త ఎక్కువ. ఇలా ఆగస్టు నడిమికి వచ్చేసరికి, సత్యవేణి గారు రోజూ తింటూ ఉండగానే, శాలువా మొదటి రోజు కంటే ఒక బెత్తెడు పెరిగింది.

ఆడిట్ నుంచి పరిశీలకుడొకాయన వచ్చి చూశాడు. తినడం వల్ల పెరిగే వస్తువు తన సర్వీసులో ఇదే మొదటిదన్నాడు. అలా పెరిగిన భాగానికి అనుమతి ఎవరిచ్చారని రాసి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు సాయంత్రం సత్యవేణి గారు ముక్క తుంచి నోటి దాకా తెచ్చి, అలాగే బల్ల మీదికి ఒరిగిపోయారు. భాస్కరం పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఒళ్ళంతా చెమటలు. ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష చేసి, వెంకటరత్నం గారిని బయటికి పిలిచి కేకలేశాడు. ఆవిణ్ణి చంపుదామనుకుంటున్నారా అన్నాడు. వెంకటరత్నం గారు ఆ కోపమంతా భాస్కరం మీద చూపించారు.

"నీ కుర్చీ కోసం నా పెళ్ళాం ప్రాణం మీదికి తెచ్చావు కదయ్యా!"

ఆ మాట ఎవరో ఒకరు అంటారని భాస్కరానికి తెలుసు. మంచం పక్కన నిలబడి, సత్యవేణి గారు కళ్ళు తెరిచాక అన్నాడు.

"ఇంక మీరు దాన్ని ముట్టుకోకండి మేడమ్ గారూ. ప్రమోషన్ పోతే పోయింది. నేను అసిస్టెంటుగానే దిగిపోతాను. మా ఇంట్లో తిండికేం లోటు లేదండి."

"లోటు లేదనకయ్యా. నీకూ శాలువా కప్పేస్తారు" అన్నారావిడ.

భాస్కరానికి నవ్వు రాలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. సత్యవేణి గారు పైకి చూస్తూ చాలాసేపు పడుకున్నారు. తరవాత అడిగారు.

"భాస్కరం, మన ఆఫీసులో ఏదైనా ఫైలు తేలకపోతే ఏం చేస్తాం?"

"పైకి పంపేస్తావండి."

"పైకి పంపాక?"

"అది మనది కాదండి. వాళ్ళ బల్ల మీదున్నట్టే కదండి" అని, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయాడు.

అప్పటికే ఆవిడలాంటి వాళ్ళు మిగతా జిల్లాల్లో తయారై ఉన్నారు. ఒకాయన డబ్బా సున్నుండలతో, ఒకావిడ గంగాళం హల్వాతో, పళ్ళు లేని డ్రైవరొకాయన జంతికల బుట్టతో కుస్తీ పడుతున్నారు. వాళ్ళంతా ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకుని ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటున్నారు. సత్యవేణి గారు ఆస్పత్రి మంచం మీంచే అందులో నాలుగు ముక్కలు రాశారు.

ఆగస్టు ఆఖరి రోజు. డైరెక్టరు విశ్వంభరరావు గారి పదవీ విరమణ కూడా ఆనాడే. రాజధానిలో పెద్ద హాలు. జిల్లాల నుంచి డిప్యూటీ డైరెక్టర్లందరూ వచ్చారు. ఆయన తన కానుకగా ఒక్క అరటిపండు చాలని ముందే నిరాడంబరంగా చెప్పారు. వేదిక మీద అది తిని, తొక్క కూడా నమిలి చూపించారు. హాలు దద్దరిల్లింది. కెమెరాలు మెరిశాయి.

అప్పుడు మొదటి వరసలోంచి ఏకాంబరం గారు లేచారు. వెనక భాస్కరం, తడక మీద శాలువా.

"ఇదేమిటి?" అన్నారు డైరెక్టరు గారు.

"ఫైలండి. మా స్థాయిలో పరిష్కారము కానందున తమ పరిశీలనార్థము, తదుపరి చర్య నిమిత్తము సమర్పించుకొనడమైనది."

ఏకాంబరం గారి మనసులో కుట్రేమీ లేదు. సత్యవేణి గారు ముసాయిదా రాసి పెడితే, భాష బాగుందని సంతకం చేశారు. తేలని ఫైలు పైకి పంపడంలో తప్పుందని ఆయనకి ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

వేదిక పక్కన తపాలా గుమాస్తా కూర్చునున్నాడు. ముందు పెట్టింది ఏదైనా సరే ముద్ర వెయ్యడం అతని ఉద్యోగం. కవరింగ్ లెటరు మీద ముద్ర కొట్టి, రసీదు చింపి భాస్కరం చేతిలో పెట్టాడు.

ఆ వెంటనే సున్నుండలు లేచాయి. హల్వా గంగాళాన్ని ఇద్దరు మోసుకొచ్చారు. జంతికలొచ్చాయి, తేనె పట్టు వచ్చింది, పనసతొనలు వచ్చాయి. ముద్ర తరవాత ముద్ర పడుతోంది. వేదిక మీద బల్ల నిండిపోయి, డైరెక్టరు గారి కుర్చీ చుట్టూ పేర్చారు. ఆయన గొంతు జంతికల బుట్ట వెనకనుంచి వినిపించింది.

"ఇవన్నీ ఇప్పుడు ఎవరు తినాలయ్యా?"

ఆడిట్ పరిశీలకుడు లేచి, ఆడిట్ నిబంధనలూ ఉత్తర్వూ విప్పి, గౌరవంగా చదివాడు. "పై అధికారికి సమర్పింపబడిన కానుకకు సదరు అధికారియే గ్రహీత. గ్రహీత స్వయముగా..."

"ఆ ఉత్తర్వు నేనే రాశానయ్యా!"

"ఆఖరి వాక్యము మాదండి" అన్నాడు పరిశీలకుడు, కొంచెం గర్వంగా.

రసీదు చేతికొచ్చింది కాబట్టి జిల్లాలో శాలువా లేదు. శాలువా లేదు కాబట్టి ఏమీ మిగల్లేదు. ఏకాంబరం గారు అక్కడే, మెట్ల మీద కూర్చుని, సత్యవేణి గారి విడుదల ఉత్తర్వు మీద సంతకం చేసి ఫోన్లో పంపారు. ఆఫీసు మూసే లోపల భాస్కరం ప్రమోషన్ కూడా వచ్చింది. డైరెక్టరు గారికి మాత్రం విడుదల దొరకలేదు. ఆయన్ని ఎలా వదిలించుకోవాలో తెలీక, ప్రభుత్వం వినియోగ సంస్కరణల కమిటీ ఒకటి వేసి, దానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసి, కారు కొనసాగించింది.

జిల్లా ఆఫీసులో సత్యవేణి గారికి టీ పార్టీ పెట్టారు, టీ మాత్రమే. ఏకాంబరం గారు మర్యాదకి అడిగారు.

"మేడమ్, పెద్దవారు. ఇంతకాలము సేవ చేశారు. ఏదైనా ఇవ్వవలెనని మా మనసు కొట్టుకొనుచున్నది. ఏం కావాలో చెప్పండి."

"ఏం వద్దు బాబూ. నన్ను మర్చిపోండి చాలు. మధ్యాహ్నం పూట ఆ ఫైలెక్కడ, ఈ ఫైలెక్కడ అని ఫోన్లు చెయ్యకండి."

అందరూ నవ్వారు. ఏకాంబరం గారు నవ్వలేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "మరపు!" అన్నారు. "తొక్క లేదు. గింజ లేదు. చీమ పట్టదు!"

ఆ ఆలోచన ఆ రోజే కమిటీకి వెళ్ళింది. కమిటీ ఒక్క సిట్టింగులో ఆమోదించింది. పక్షం రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. రిటైరైన వారికి ఇకపై కానుకగా మరపు ఇవ్వవలెను. సిబ్బంది అందరూ సదరు వ్యక్తిని సంపూర్ణముగా మరచినట్లు విడివిడిగా ధ్రువపత్రములు సమర్పించవలెను.

కొత్త సూపరింటెండెంటు భాస్కరం పత్రం నింపుతూ ఆగాడు. "సార్, ఎవర్ని మరిచిపోయామో పేరు రాయమన్నారండి. రాస్తే గుర్తున్నట్టే కదండీ?"

ఏకాంబరం గారు పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఖాళీగా వదిలెయ్యండి. ఎవరి గురించో వాళ్ళే ఊహించుకుంటారు."

అందరూ సంతకాలు పెట్టారు. సత్యవేణి గారి పెన్షన్ కాగితాలు ఆ సంతకాల కిందే ఎక్కడో ఉండిపోయాయి. ఎవరివో తెలియని కాగితాలు కదపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఒకరోజు ఏకాంబరం గారు ఎదురుగా ఉండగా భాస్కరం బల్ల మీద ఫోను మోగింది.

"భాస్కరం, నేనయ్యా, సత్యవేణిని. నా పెన్షన్ ఫైలు కదిలిందా?"

ఏకాంబరం గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఎవరు?"

భాస్కరం గొంతు సవరించుకున్నాడు. "ఏ సత్యవేణి గారండీ? అలాంటివారెవరూ మాకు తెలీదండి." ఫోను పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"శభాష్. అమలు అంటే ఇలా ఉండాలి" అన్నారు ఏకాంబరం గారు.

మధ్యాహ్నం భాస్కరం సంతకాలకి పెట్టిన ఫైళ్ళ దొంతరలో మధ్యన ఒకటి ఇరికించాడు. ఏకాంబరం గారు సంతకాలు చేస్తూ చేస్తూ దాని దగ్గర ఆగారు.

"గుత్తుల సత్యవేణి. ఎవరీవిడ?"

"తెలీదండి."

"నాకూ తెలియదు. అయితే అభ్యంతరమేమీ లేదన్నమాట" అని సంతకం పెట్టేశారు.

సాయంత్రం మంజూరు కాగితం చొక్కా లోపల పెట్టుకుని భాస్కరం సైకిలెక్కాడు. సందు మొదట్లోనే దిగి, ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూసి, నడిపించుకుంటూ వెళ్ళి తలుపు కొట్టాడు. సత్యవేణి గారే తీశారు. అతన్ని కిందనుంచి పైదాకా చూశారు.

"ఎవరు బాబూ నువ్వు?"

"నేనండి. భాస్కరాన్నండి."

"ఏ భాస్కరం? అలాంటివారెవరూ మాకు తెలీదే."

"పొద్దున్న సారు ఎదురుగా ఉన్నారండి. అందుకని అలా అన్నానండి. మీరలా అనకండి మేడమ్ గారూ" అంటూ చొక్కాలోంచి కాగితం తీసి రెండు చేతుల్తో ఇచ్చాడు.

ఆవిడ దాన్ని వెలుతురుకి పెట్టి, సంతకం దాకా చదివారు. మడిచి కొంగున కట్టుకున్నారు. లోపల ఎక్కడో వెంకటరత్నం గారు నవ్వాపుకోలేక దగ్గుతున్నారు. సత్యవేణి గారు మాత్రం ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా తలుపు బార్లా తీసి, పక్కకి తప్పుకున్నారు.

"సరేలే, లోపలికి రా. ఎవరివో తెలీదు గానీ, నీకు కాఫీలో రెండు చెంచాల పంచదార కదూ?"